బీరువాలో పెంచిన పుట్టగొడుగులు

మా ఆడపడుచు సీసాల్లోనే పుట్టగొడుగులు మొలిచే తెల్ల బూజు ముందు అల్లుకుందని అందరూ అనేవారు. నేను ఇప్పటికీ ఒప్పుకోను. అవి కిటికీ పక్కన ఉండటంతో అలా కనిపించాయి, అంతే.

క్యూర్‌పిప్ అనే ఊళ్లో ఒక వ్యవసాయ ప్రయోగశాలలో ఇద్దరం తాత్కాలికంగా పనిచేస్తున్న రోజులవి. నేను మద్రాసు కాలేజీలో వృక్షశాస్త్రం చదివి, పెళ్లయి ఈ దీవికి వచ్చినదాన్ని. ఆమె ఇక్కడే పుట్టి పెరిగింది. తెలుగు మాట్లాడితే సగం ఇక్కడి క్రెయోల్ మాటలే. కాని ప్రయోగశాల నడిపే పెద్దదొరతో ఫ్రెంచిలో గలగలా మాట్లాడేది. నా ఇంగ్లీషుకు ఆయన తల మాత్రం ఊపేవారు. చెరుకుపిప్పి మీద తినే పుట్టగొడుగులు పెంచమని ఇద్దరికీ చెప్పారు. ఎవరి పంట బాగుంటే వారికి ఖాయమైన ఉద్యోగం. రెండోవారు ఇంటికి. ఇంటికి అంటే, నా విషయంలో, అత్తగారి వంటింటికి.

పిప్పి ఉడకబెట్టి, గుప్పిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలే రాలేంతగా ఆరబెట్టి, సీసాల్లో కూరి, పుట్టగొడుగుల విత్తనం కలిపి, మూతికి దూది పెట్టి చీకట్లో ఉంచాం. బూజు అడుగుదాకా అల్లుకున్నాక దూది తీసి, గాలీ వెలుతురూ తగలనిచ్చి, తడి గోనె చుట్టాలి. అది నాకు తెలియక కాదు. ఆమెకు చెప్పిందే నేను.

అయితే ఆమె రోజూ నా సీసాల ముందు నిలబడి, "నీవి ఎంత తెల్లగా ఉన్నాయి వదినా" అనేది. మా వైపు పసిబిడ్డను అలా పొగిడితే ఊరుకోరు. సీసా సీసాకూ బొగ్గుతో దిష్టిచుక్క పెట్టి, తడి గోనెతో సహా బీరువాలో పెట్టి తాళం వేశాను.

"గాలి కావాలి కదా వదినా వాటికి?"

"నా సీసాల ఊపిరి సంగతి నీకెందుకు? నీవి చూసుకో."

"పా ఫాశె. కోపం వద్దు. చెప్పాను, అంతే."

పెద్దదొర చూడటానికి వచ్చిన రోజు కిటికీ దగ్గర ఆమె పుట్టగొడుగులు బూడిదరంగు విసనకర్రల్లా ఒకదానిపై ఒకటి విచ్చుకుని ఉన్నాయి. నా బీరువా తీశారు. పాలిపోయిన పొడుగాటి కాడలు, వాటి చివర ఆవగింజంత తలలు.

"ఈ నల్లచుక్కలేమిటి?" అన్నారాయన.

నేను తాళంచెవి కొంగుకు ముడేసుకోసాగాను.

"గుర్తులు, ముస్యే. ఏ సీసా ఎవరిదో తెలియడానికి" అంది మా ఆడపడుచు.

ఆయన తలూపి వెళ్లిపోయారు. ఉద్యోగం ఆమెకే ఇచ్చారు. ఆమె ఆ చుక్కల్ని చూసి పకపకా నవ్వి ఉంటే నాకు ఎంత హాయిగా ఉండేదో. కనీసం తిట్టుకోవడానికి ఒక కారణం దొరికేది.

ఆ సాయంత్రం తన పంటలో సగం ఆవాలూ కరివేపాకూ వేసి వేయించి, మొదట నాకే వడ్డించింది. తిన్నాను.

"ఉప్పు తక్కువైంది" అన్నాను.

ఉప్పు జాడీ తెచ్చి నా కంచం పక్కన పెట్టి, ఎదురుగా కూర్చుంది. సరిపోయిన ఉప్పు మీదే మళ్లీ వేసుకోక తప్పలేదు.