ఇప్పచెట్టు దాకా

భోపాల్‌పట్నం నుంచి బీజాపూర్ వెళ్లే బస్సు టైరు పంక్చరై అడవి మధ్య ఆగిపోయింది. అందరం దిగాం. ఎండ మాడ్చేస్తోంది. రోడ్డుకు కాస్త లోపలగా ఇప్పచెట్టు కనిపిస్తే దాని నీడకు నడిచాను. నేను కిరందుల్ గనిలో పనిచేసేవాణ్ణి, ఈ పక్క అడవి నాకు కొత్త.

వెనక అలికిడి విని తిరిగి చూశాను. బస్సులో నా పక్కన కూర్చున్న ముసలమ్మ. దుమ్ములో పడ్డ నా బూటు గుర్తుల మీదే ఒక్కో పాదం ఆనించుకుంటూ వస్తోంది.

చెట్టు కింద రాలిన పువ్వు రాలినట్టే ఎండిపోయి ఉంది. ఎవరూ ఏరలేదు. ఇద్దరం నీడలో కూర్చున్నాం.

"ఎందుకమ్మా నా అడుగుల్లోనే నడిచావు?" అన్నాను.

"పువ్వు ఏరవోయి నా కోడలి కాలు పోయింది బిడ్డా. మేం రోజూ నడిచే బాటలనే బాంబు పెట్టిండ్రు."

"ఎవరు పెట్టారో తెలిసిందా?"

"తెల్వకేంది? పెట్టినోడే సర్కారుకు లొంగిండు. పోలీసోళ్లు ఆన్ని తోలుకొచ్చి, ఇంకా యాడాడ ఉన్నయో చూపియ్యమన్నరు. ఆనికే యాది లేదంట."

అంటే ఇందాక నన్ను ముందు పోనిచ్చి, నాకేమీ కాలేదని చూసుకుని వెనకే వచ్చిందన్నమాట. కోపం రావాల్సింది, రాలేదు.

డ్రైవరు హారన్ కొట్టాడు. ఆమె లేచింది గానీ కదల్లేదు, నా వైపే చూస్తోంది. బస్సు ఎదురుగానే ఉంది. నేను మాత్రం నేలంతా చూస్తూ, వచ్చేటప్పుడు పడ్డ నా అడుగులు వెతుక్కుంటున్నాను. గాలికి అప్పటికే సగం చెరిగిపోయాయి.