కంచె అవతలి చెట్లు

అక్కడ జనవరి అంటే నడి ఎండాకాలం. ఆ రోజు మధ్యాహ్నం రెండింటికే పొగ కమ్మి చీకటి పడింది. గ్వెండా ట్రస్కాట్ ఇంటి కప్పు మీదికి పైపుతో నీళ్లు కొడుతూ నిలబడింది. ఆమె భర్త ఆల్బీ ఆవుల్ని వాగు వైపు తోలుతున్నాడు. కంచె అవతల ప్రభుత్వ అడవి. మంట అక్కడి నుంచే వచ్చింది. తొంభై ఏళ్ల కిందట ఆల్బీ తాత స్వయంగా దూలాలు కోసి కట్టిన ఇల్లు పావుగంటలో నేలమట్టమైంది. ఇటుకల పొగగొట్టం ఒక్కటే మిగిలింది.

మనుషులు బతికి బయటపడ్డారు. ఆవుల్లో చాలా దక్కలేదు. పొదుగులు కాలిపోయి, డెక్కలు ఊడి, మర్నాడు కూడా కొన్ని అలాగే నిలబడి ఉన్నాయి. ఆల్బీ తుపాకీ ఎత్తి దించేశాడు. గ్వెండా అతని చేతిలోంచి దాన్ని లాక్కుంది. సాయంత్రానికి ఆ పని ముగించింది.

ఆమె ఏడవలేదు. ఆమెకు మండిపోయింది. అడవిలో ఎండుకొమ్మలు, రాలిన బెరడు నడుములోతు పేరుకున్నాయని ఏడేళ్లుగా ప్రభుత్వ ఆఫీసుకు ఏడాదికొక ఉత్తరం రాసింది. "చలికాలంలో కొద్దికొద్దిగా మీరే తగలబెట్టండి, లేకపోతే ఎండాకాలంలో మేం తగలబడతాం" అని రాసింది. ప్రతిసారీ ఒకటే జవాబు: మీ ఆందోళనను గమనించాము.

ఊళ్లో విరాళాల పెట్టెలు పంచారు. ఆమె వాటాకొచ్చిన పెట్టెలో వెండిరంగు ఎత్తుమడమల చెప్పులున్నాయి. "ఇవేసుకుని గొడ్లకు గోతులు తవ్వాలా?" అని అక్కడే విసిరికొట్టింది.

రేకుల షెడ్డులో కాపురం పెట్టారు. అరవై దాటిన ఆల్బీ రోజంతా స్టూలు మీద కూర్చుని పొగగొట్టం వైపు చూసేవాడు.

"ఎన్నాళ్లిలా కూర్చుంటావ్?"

"కూర్చోనీ గ్వెండా."

"సరే, కూర్చో. నేనే కడతా."

ఇల్లు కట్టే అనుమతి కోసం అదే ఆఫీసు చుట్టూ పది నెలలు తిరిగింది. చివరికి అక్కడి నుంచి లాక్లన్ అనే కుర్ర అధికారి వచ్చి, టేపుతో కొలిచి, గొంతు సవరించుకున్నాడు.

"గ్వెండా గారూ, పాత చోట కట్టడానికి వీల్లేదండీ. అడవికి మరీ దగ్గర. ఆ గుట్ట మీదికి జరపాలి."

"అవతల ఎండిపోయిన చెట్లున్నాయిగా, వాటిని కొట్టేస్తే?"

"కంచె అవతలివి ముట్టుకోకూడదండీ. నేరం."

"అంటే నా ఇల్లు జరగాలి, చచ్చిన చెట్లు మాత్రం జరగకూడదు. అంతేనా నాయనా?"

"రూలు నేను రాయలేదండీ."

"రాసినవాడు ఒక్కసారైనా ఇక్కడికొచ్చాడా?"

అతను కాగితాల్లోకి చూశాడు.

మర్నాడు గ్వెండా ఆఫీసుకు ఫోన్ చేసింది. "సోమవారం తొమ్మిదింటికి కంచె అవతలి ఎండు చెట్లు కొట్టబోతున్నాను. ఆపాలనుకుంటే రండి. గేటు తీసే ఉంటుంది."

సోమవారం ఎవరూ రాలేదు. ఆమె మరరంపం పట్టుకుని కంచె దాటింది. పదకొండింటికి వెనక ట్రాక్టరు చప్పుడైంది. ఆల్బీ దిగి, కొట్టిన మానుకు గొలుసు తగిలించాడు.

"ఇప్పుడా రావడం?" అని అరిచింది.

"గొలుసు వెతుక్కోవద్దూ?"

మూడు రోజులు కొట్టారు. మూడోనాడు లాక్లన్ కెమెరాతో వచ్చాడు.

"నన్ను కూడా తియ్యి. మొహం సరిగ్గా పడాలి" అంది.

అతను ఫోటోలు తీసి, వెళ్లబోతూ ఆగాడు. "మీ ఉత్తరాలు ఫైల్లో ఉన్నాయండీ. ఏడూ చదివాను."

"ఎప్పుడు?"

"మొన్న."

ఆమె రంపం తాడు గట్టిగా లాగింది. ఆ చప్పుడులో అతను ఇంకేం చెప్పాడో వినబడలేదు.

చేసినదానికి విచారిస్తున్నారా అని కోర్టులో జడ్జి అడిగాడు. "ఏడేళ్ల ముందే కొట్టనందుకు విచారిస్తున్నాను" అంది. పక్కనున్న ఆమె లాయరు కళ్లు మూసుకున్నాడు. కొట్టినవాటికి బదులు రెండొందల మొక్కలు నాటమని తీర్పిచ్చారు. కంచె అవతలే నాటింది, తిట్టుకుంటూ, ఒక్కోదాన్నీ బూటుకాలితో తొక్కి మరీ.

రెండో చలికాలానికి, వాళ్లు చెప్పిన గుట్ట మీదే ఇల్లు లేచింది. ఇనప చట్రం, సిమెంటు గోడలు, కిటికీలకు ఇనప తలుపులు. ఆల్బీ వంటింట్లో నిలబడి, "వెలుతురు బాగుంది" అన్నాడు.

"డబ్బాలో ఉన్నట్టుంది" అంది గ్వెండా. అయినా ఆ రాత్రి అతను కలవరించకుండా నిద్రపోవడం చూసి, మళ్లీ ఆ మాట అనలేదు.

అంతా కుదుటపడిందా అని ఎవరైనా అడిగితే, "ఇల్లు లేచింది" అంటుంది, అంతే. లోయలో మరో ఐదు కుటుంబాలు ఇంకా రేకుల కిందే ఉన్నాయి. మంగళవారం మంగళవారం వాళ్లను బండెక్కించుకుని ఆఫీసుకు తీసుకెళుతుంది. ఏ కాగితం ఎవరి బల్ల మీద ఆగుతుందో ఆమెకిప్పుడు తెలుసు. ఆమె గుమ్మంలో కనబడగానే కౌంటర్లో అమ్మాయి లోపలికి ఫోన్ చేస్తుంది.