పెళ్లికూతురి ఫొటోల్లో ఏడోది

దయ్యాలంటే నాకు నవ్వు. పదేళ్లుగా కోట అనే ఊళ్లో ఫొటో స్టూడియో నడుపుతున్నాను. ఫొటోలో తెల్లటి మచ్చ చూపించి "ఆత్మ పడిందక్కా" అని ఎవరైనా వస్తే, లెన్సు మీద దుమ్ము తుడిచి చూపించి పంపేదాన్ని. అందుకే ఇది చెప్పడానికి నాకే కాస్త ఇబ్బందిగా ఉంది.

పోయినేడు ఒక టెలిఫొటో లెన్సు కొనాలనుకున్నాను. రెండింటి మధ్య మనసు ఊగుతోంది. ఎనభై అయిదు ఎం.ఎం.ది ముఖాలకు పెట్టింది పేరు, వెనకున్నదంతా మెత్తగా కరిగిపోతుంది. కానీ దూరంగా ఉన్నది అందదు. ఆరు వందల దాకా వెళ్లేదానికి ఎంత దూరమైనా అందుతుంది, కానీ మోయలేనంత బరువు. తేల్చుకోలేక నెల్లూరులో రెండూ ఒక్కరోజుకి అద్దెకు తెచ్చుకున్నాను.

ఆ రోజు సముద్రం ఒడ్డు పల్లెలో కృప అనే అమ్మాయికి ఫొటోలు తీయాలి. మర్నాడు చర్చిలో ఆమె పెళ్లి. తీరా వెళితే ఇంట్లో సందడే లేదు. పెళ్లికి చేపలు తన చేత్తోనే తెస్తానని వేటకెళ్లిన తండ్రి దానియేలు, ముందురోజు రావలసినవాడు, ఇంకా రాలేదు. ఫోను కలవడం లేదు. వెతకడానికి రెండు పడవలు వెళ్లాయి.

నేను తిరిగి వచ్చేద్దామనుకున్నాను. కృప నా సంచి చూసి ఆపింది.

"షాహీనక్కా, దాంతో సముద్రం పక్క చూడవా. నాయన పడవేమన్నా కనపడతాదేమో."

పొడుగు లెన్సు స్టాండు మీద పెట్టి అరగంట వెతికాను. నీళ్లు, ఎండ తప్ప ఏమీ లేవు. అప్పటికి సాయంత్రం నాలుగు కావస్తోంది. కృప తల్లి మరియమ్మ కళ్లు తుడుచుకుని, "వచ్చినామెని ఊరికే పంపిస్తామా పాపా, రెండు తీయించుకో" అంది.

ఎనభై అయిదు లెన్సు బిగించి, ఒడ్డున కృపను నిలబెట్టి పన్నెండు తీశాను. ఒక్కదాంట్లోనూ ఆమె నవ్వలేదు. తల్లీకూతుళ్లకు స్క్రీను మీద వరసగా చూపిస్తూ ఏడోదాని దగ్గర ఆగిపోయాను.

అందులో కృప లేదు. నడివయసు మనిషొకడు పడవ అంచు పట్టుకుని, ఎండకు కళ్లు చిట్లించి, నోరారా నవ్వుతున్నాడు. ఒంటి మీద పసుపు టీషర్టు. ఆయన్ని నేను ఎప్పుడూ చూసి ఎరగను.

"నాయన!" అని అరిచింది కృప.

మరియమ్మ కెమెరా లాక్కున్నంత పని చేసింది. "మా ఆయనే! నవ్వతా ఉండాడు చూడండి! ఈ చొక్కా మాత్రం మాది కాదే, యాడిదో!"

చుట్టుపక్కల ఆడవాళ్లంతా పరిగెత్తుకొచ్చారు. ఆగిపోయిన వంట మళ్లీ మొదలైంది, ఎవరో పందిరికి బల్బులు వెలిగించారు. నాకు మాత్రం ఒకటే ఆలోచన. మనిషి రాకపోతే ఈ ముఖాలు నేనెలా చూడను?

పొద్దుగుంకే వేళకు వచ్చాడు. ఇంజను చెడిపోతే తమిళ పడవవాళ్లు తాడు కట్టి లాక్కొచ్చారట. బట్టలు తడిసిపోయాయని తమ టీషర్టు ఒకటి ఇచ్చారట. పసుపుది. కూతురు ఒక భుజానికి, భార్య ఒక భుజానికి వేలాడుతుంటే ఆయన నడవలేక నవ్వాడు. అచ్చం ఆ ఫొటోలో నవ్వే.

ఫొటో చూపిస్తే తల గోక్కున్నాడు. "నన్ను ఎవురూ తీయలేదు తల్లీ. నాలుగింటికి మేము ఇంకా నడి సముద్రంలోనే ఉండాము. పాప పిలిచినట్టు అనిపించి అట్ట తిరిగినా, అంతే."

మర్నాడు పెళ్లిలో ఆయన ఆడిన ఆట తీయలేక నా చేతులు నొప్పి పుట్టాయి.

తర్వాత నేను చూడని వివరం లేదు. ఫొటోల నంబర్లలో ఎక్కడా తేడా లేదు. టైము నాలుగు దాటి ఆరు నిమిషాలు. లెన్సు ఎనభై అయిదే. నెల్లూరులో నాకు పని నేర్పిన పెద్దాయన ఫొటోను పెద్దది చేసి మూలమూలా చూసి, ఇందులో అతుకేమీ లేదని కెమెరా తిరిగి ఇచ్చేశారు.

ఆ లెన్సుతో మనిషి అంత పెద్దగా రావాలంటే, నాకు ఏడెనిమిది అడుగుల దూరంలో ఉండాలి. ఆ దూరంలో నా ఎదుట నిలబడి, సముద్రం వైపే చూస్తున్నది కృప ఒక్కతే. ఆ ఫొటో ఎలా వచ్చిందో నాకు ఈనాటికీ తెలియదు.