దుప్పటి మీద యాభై రెండేళ్ళు

చలికాలం వచ్చిందంటే కలకత్తాలో, చేత్లాలోని మణిమాల ఇంటికి చుట్టాలు దిగుతారు. బర్ధమాన్ నుంచి ఒక గుంపు, కృష్ణనగర్ నుంచి ఇంకో గుంపు. అందరికీ ఒకటే కోరిక, అలీపూర్ జూ. ఇల్లు జూకి అంత దగ్గర కావడం మణిమాల చేసుకున్న పాపం. ఇంట్లో ఆవిడని టునీ అంటారు, తమ్ముడి పిల్లలకైతే పిషీ, అంటే మేనత్త. తెల్లారకముందే లేచి అరవై లూచీలు, అంటే మైదా పూరీలు, వత్తి వేయించాలి, బంగాళాదుంపల కూర వండాలి, కమలాపళ్ళు సంచిలో సర్దాలి. తరువాత అందరితో జూకి వెళ్ళి గడ్డిలో పరిచిన దుప్పటి మీద కూర్చోవాలి.

ఆ కూర్చోవడమే అసలు పని. సంచులకి, టిఫిన్ డబ్బాలకి, ఎండెక్కాక ఒక్కొక్కరే విప్పి పడేసే స్వెట్టర్లకి ఎవరో ఒకరు కాపలా ఉండాలి కదా.

మొదటిసారి వెళ్ళినప్పుడు టునీకి తొమ్మిదేళ్ళు. జిరాఫీని చూపిస్తానని తండ్రి మాటిచ్చాడు. ఎంతమంది జనం ఉన్నా నీకు కనిపిస్తుందమ్మా, దాని తల అందరి తలల మీద ఉంటుంది అన్నాడు. అంతలో రెండేళ్ళ తమ్ముడు ఖోకన్ నిద్రపోయాడు. తల్లి వాడిని టునీ ఒళ్ళో పడుకోబెట్టి, "ఇలా చూసి అలా వచ్చేస్తాం" అంది. వాళ్ళు తిరిగొచ్చేసరికి గేట్లు మూసే వేళయింది. మరుసటేడు చిన్నాన్నగారి పాప, ఆ పై ఏడు ఇంకెవరి బాబో. ఒళ్ళో పిల్లలు లేని సంవత్సరం సంచులున్నాయి. నువ్వే కూర్చోవాలని ఎవరూ అనలేదు, నువ్వూ రావే అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

తండ్రి పోయాక టునీ టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో చేరింది. ముప్పై నాలుగేళ్ళు చెవులకి ఫోను తగిలించుకుని వాళ్ళ మాటలు వీళ్ళకి, వీళ్ళ మాటలు వాళ్ళకి కలిపింది. ఖోకన్‌ని చదివించింది, పెళ్ళి చేసింది. తన పెళ్ళి సంగతి ఇంట్లో ఎవరికైనా గుర్తొచ్చేసరికి ఆవిడకే ఓపిక లేకపోయింది.

జూ సంగతులు కూడా చెవులతోనే పట్టింది. పులి ఎలా ఆవులించిందో, ఏనుగు ఎవరి చేతిలో అరటిపండు లాక్కుందో వచ్చినవాళ్ళంతా దుప్పటి మీద కూర్చుని చెప్పేవారు. వాటికి ఉప్పూకారం జోడించి ఆవిడ రాత్రిళ్ళు పిల్లలకి చెప్పేది. దాంతో జూ అంటే పిషీకి కొట్టినపిండి అని ఇంటిల్లిపాదీ నమ్మారు. అసలు చూడనేలేదని చెప్పడానికి మొదట సిగ్గేసింది. తరువాత మరీ ఆలస్యమైపోయింది.

ఇప్పుడు ఆవిడకి అరవై ఒకటి. ఎండలు ముదిరేలోగా రెండు మోకాళ్ళకీ ఆపరేషన్. ఆ తరువాత కాళ్ళు చెప్పినమాట వింటాయో లేదో తెలియదు. ఈసారి జిరాఫీని చూసి తీరాలని మనసులో గట్టిగా అనుకుని బయలుదేరింది.

జనవరి మొదటి ఆదివారం, ఇసకేస్తే రాలనంత జనం. దుప్పటి పరవగానే, నేనూ వస్తానంది. ఖోకన్ మంకీ టోపీ సర్దుకుంటూ నవ్వాడు.

"నీకెందుకు దిదీ ఈ అవస్థ? చూసి చూసి విసుగెత్తి ఉంటావు. మోకాళ్ళు చూసుకో."

అందరూ వెళ్ళిపోయారు. ఎప్పటిలాగే ఆవిడ మింగలేక కక్కలేక కూర్చుంది. ఖోకన్ కొత్త కోడలు మహువా మాత్రం సగం దారిలో వెనక్కి వచ్చి పక్కన కూలబడింది.

"జిరాఫీ నాలుక ఎర్రగా ఉంటుందని రాత్రి పిల్లలతో అన్నారు," అంది నెమ్మదిగా. "అది నల్లగా ఉంటుంది పిషీ. చూసినవాళ్ళు మర్చిపోయే రంగు కాదు."

టునీ ఒలుస్తున్న కమలాపండుని పక్కన పెట్టింది.

"వెళ్ళి రండి. నేను కూర్చుంటాను."

దారిలో రెండుచోట్ల ఆగి గోడకి ఆనుకుంది. అక్కడికి చేరేసరికి కంచె ముందు నాలుగు వరసల జనం. ముందుకి తోసుకెళ్ళే సత్తువ లేక వెనకాలే నిలబడింది. తండ్రి చెప్పింది నిజమే. అందరి తలల మీద ఒక తల, పొడుగాటి రెప్పలు, తీరిగ్గా నమిలే నోరు. ఆవిడ ఊహించుకున్నంత అద్భుతంగా ఏమీ లేదు, అది కూడా అలసిపోయినట్టే ఉంది. కొమ్మకోసం నాలుక బయటపెట్టింది. నల్లగా ఉంది. టునీకి ఏడుపొచ్చింది. మోకాళ్ళు వణికే దాకా నిలబడి, తిరుగుముఖం పట్టింది.

వచ్చేసరికి అందరూ తింటున్నారు. స్వెట్టర్లు మడతపెట్టి ఉన్నాయి, మహువా లూచీలు వడ్డిస్తోంది.

"నీ పని తప్పింది దిదీ," అన్నాడు ఖోకన్ నోటినిండా పెట్టుకుని. "మా కోడలు ఎంత బుద్ధిగా కూర్చుందో చూడు. వచ్చే ఏటినుంచి ఈ చోటు తనదే."

అందరూ నవ్వారు. కొత్త కోడలు కదా, మహువా కూడా నవ్వింది. ఆ నవ్వు టునీకి తెలుసు. తనూ ఎన్నోసార్లు అలాగే నవ్వింది.

"ఖోకన్, నేను మొదటిసారి ఇక్కడ కూర్చున్నప్పుడు నువ్వు నా ఒళ్ళో నిద్రపోతున్నావు. జిరాఫీని ఇవాళే చూశాను. పులిని ఇంకా చూడలేదు."

ఖోకన్ చేతిలో లూచీని పళ్ళెంలో పెట్టేశాడు.

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం దిదీ?"

"ఎవరడిగారు? ఇప్పుడు నువ్వు కూర్చో."

యాభై నాలుగేళ్ళ ఖోకన్ స్వెట్టర్ల పక్కకి జరిగాడు. టునీ మహువా భుజం పట్టుకుని లేచింది. పులి దాకా నడవగలనన్న నమ్మకం ఆవిడకే లేదు. ఎప్పుడొస్తారని వెనకనుంచి ఖోకన్ అడిగాడు.

"ఇలా చూసి అలా వచ్చేస్తాం," అంది ఆవిడ, వెనక్కి తిరగకుండా.