అరువు కళ్ళు

ఫోటోల దిద్దుబాటు నజీర్ అహ్మద్‌కు తండ్రి దగ్గర అబ్బిన విద్య. వన్ టౌన్ సందులోని స్టూడియోలో సన్నగా చెక్కిన పెన్సిలుతో నెగటివ్‌ల మీద మచ్చలు పూడ్చేవాడు. రెండువేల మూడులో కంప్యూటర్ కొన్నాక అదే పని ఫోటోషాప్‌లో చేశాడు. జాలరిపేట వాళ్ళు మసక ఫోటోలన్నీ అతని దగ్గరికే తెచ్చేవారు. ఎంతకీ తేటపడని ముఖానికి, స్టూడియోలో ఎప్పుడో ఫోటో దిగిన మరొకరి కళ్ళు తెచ్చి అతికేవాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పేవాడు కాదు. ఇంటివాళ్ళు చూసి ఏడిస్తే పని కుదిరిందనుకునేవాడు.

ఒక ఏడాది తుఫానులో పోతమ్మ భర్త దొరబాబు వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. పెద్దకార్యానికి దండ వేయాలంటే ఆమె దగ్గర ఒక్కటే ఫోటో ఉంది. కొత్త పడవను నీళ్ళలోకి తోస్తుంటే ఎవరో తీసింది. సరిగ్గా అప్పుడే దొరబాబు తల తిప్పాడేమో, ముఖం అలికేసినట్టు వచ్చింది.

నజీర్ కంప్యూటర్లో ఫోటో పదును పెంచితే ముఖమంతా ఇసుక చల్లినట్టయింది. చివరికి దాచుకున్న కళ్ళలోంచి సరిపోయేవి ఏరి అతికాడు. మనిషి లేచొచ్చినట్టే ఉన్నాడు.

పోతమ్మ ఏడవలేదు. ప్రింటును కొంగుతో తుడిచి మళ్ళీ చూసింది.

“ఇవి మా అప్పలసూరి కళ్ళు బాబూ.”

అప్పలసూరి ఆమె మరిది. గుర్తింపు కార్డు ఫోటోకి వచ్చిన ఆ కుర్రవాడు దొరబాబు తమ్ముడని నజీర్‌కు అప్పటిదాకా తెలియదు. కంప్యూటరే అలా చేసిందని చెప్పబోయి ఆగాడు.

“అవునమ్మా. నేనే అతికాను.”

“బతికున్నోడి కళ్ళకి దండేత్తామేటి? ఆడు రేపు ఏటకెల్తాడు.”

నజీర్ తెర ఆమె వైపు తిప్పి, ఆమె చూస్తుండగానే ఆ కళ్ళు చెరిపేశాడు. ప్రింటు చింపేశాడు. ఇక మిగిలింది మసక ముఖమేనని నెమ్మదిగా చెప్పాడు.

“మసగ్గానే ఇయ్యి బాబూ. పడవ తోత్తన్నాడు. ఆడే.”

మరకలు మాత్రం తుడిచి పెద్దది చేసి ఇచ్చాడు. అప్పుడు ఏడ్చింది పోతమ్మ.

బతికున్నవాడి కళ్ళకు దండ వేస్తే కీడన్న పట్టింపులు నజీర్‌కు లేవు. అయినా మర్నాడు స్టూడియో తెరవకుండా హార్బరుకు వెళ్ళి కూర్చున్నాడు. ఒక్కో పడవా వస్తోంది. ఎండ నడినెత్తికి వచ్చాక అప్పలసూరి పడవ కనిపించింది. అతను వల భుజాన వేసుకుని దిగుతూ పలకరించాడు.

“ఏటి భాయ్, సేపలకొచ్చేవా?”

నజీర్ అతని కళ్ళలోకి ఒకసారి చూశాడు. అవునన్నట్టు తల ఊపి, సంచీ లేదని గుర్తొచ్చి జేబులోంచి రుమాలు తీశాడు.