ఇస్త్రీపెట్టె మీద రవ్వజావ

తొమ్మిది రోజులుగా యిట్కా కడుపులోకి తేనీరు, రెండు బిస్కెట్టు ముక్కలు తప్ప ఏమీ పోలేదు. ఐదేళ్ళ పిల్ల. శరణార్థుల శిబిరంలో పొద్దున గొర్రె మాంసం, మధ్యాహ్నం గొర్రె మాంసం, రాత్రికి దాని పులుసు. భోజనశాల గుమ్మం దగ్గరికి వచ్చేసరికే ఆ కొవ్వు వాసనకి పిల్ల వాంతి చేసుకునేది. ఎత్తుకుని లోపలికి తీసుకెళ్తే తల్లి మెడ మీదే కక్కేది.

"శుక్రవారం తూకం వేస్తాం," అన్నాడు శిబిరం డాక్టరు, తల్లికి తన ఇంగ్లీషు అర్థమయ్యేలా నెమ్మదిగా. "ఇంకా తగ్గితే పట్నం ఆసుపత్రికి పంపాల్సిందే. అక్కడికి తల్లుల్ని రానివ్వరు."

పక్క వరుస గదుల్లోంచి ఇద్దరు పిల్లలు అలాగే వెళ్ళారు. తిరిగి వచ్చింది ఒక్కరే. ఆ మాట డాక్టరు చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కూడా. శిబిరంలో ప్రతి తల్లికీ తెలుసు. ఆ రోజు బుధవారం.

తల్లి పేరు ద్రహోమీర. చెక్ దేశంలోని ఒలోమౌట్స్ పోస్టాఫీసులో పదకొండేళ్ళు ఉత్తరాల మీద ముద్రలు కొట్టిన మనిషి. తెలుపంటే తెలుపు, నలుపంటే నలుపు, మధ్యలో రంగు ఉంటుందని ఒప్పుకోదు. కొత్త ప్రభుత్వం వచ్చాక పై అధికారి పిలిచి, ఎవరెవరికి విదేశాల నుంచి ఉత్తరాలు వస్తున్నాయో పోలీసులకి పేర్లు రాసిమ్మన్నాడు. ఆమె రాయలేదు. రెండోసారి అడిగిన రాత్రే మొగుడు ఓటకర్‌తో కలిసి, పిల్లకి నిద్రమందు చుక్కలు పోసి భుజాన వేసుకుని, అడవిలో పడి సరిహద్దు దాటింది. జర్మనీ శిబిరాల్లో రెండేళ్ళు గడిపి, చివరికి ఓడెక్కి ఆస్ట్రేలియాలో దిగారు. దిగిన వారానికే అక్కడి అధికారులు ఓటకర్‌ని చెరుకు కొట్టడానికి ఉత్తరాదికి పంపేశారు. తల్లీ పిల్లా ఈ రేకుల గదిలో మిగిలారు. అక్కడ జనవరి అంటే నడి ఎండాకాలం. ఆ ఎండకి రేకులు పెనంలా కాలేవి.

గదుల్లో వంట చెయ్యకూడదన్నది శిబిరం నియమం. అయినా వరుసలో సగం మంది చేసేవాళ్ళు. పొయ్యి లేదు, కట్టెలు లేవు, కానీ వండాలనుకునే చేతికి దారి దొరక్కపోదు. ఇస్త్రీపెట్టెని తలకిందులుగా రెండు ఇటుకల మధ్య ఇరికించి, బల్బు హోల్డరుకి జంట ప్లగ్గు పెట్టి, బల్బు పక్కనే తీగని తగిలిస్తే చాలు, అదే పొయ్యి. దాని మీద చిన్న గిన్నె పెట్టి బంగాళదుంపల చారు కాచేవారు, గుడ్లు ఉడికించేవారు. ఒకేసారి రెండు పెట్టెలు తగిలిస్తే మాత్రం వరుసంతా ఫ్యూజు పోయేది. అప్పుడు వార్డెను బూట్లు టకటకలాడించుకుంటూ వచ్చేవాడు. పెట్టె పట్టుకుపోవడమే కాదు, దొరికినవాళ్ళ పేరు పుస్తకంలో రాసి, మూడు నెలల పాటు మొగుడు చూడడానికి రాకుండా సెలవు ఆపేసేవాడు.

నవంబరులో అలాగే ఫ్యూజు పోయింది. వార్డెను వచ్చి, వరుసలో ఇంగ్లీషు వచ్చింది ద్రహోమీరకే కాబట్టి, ఎవరి పని ఇది అని ఆమెనే అడిగాడు. ఆమె అదే వరుసలో ఉండే రూజెన గది వైపు చెయ్యి చూపించింది. మహాతల్లి! పోలీసులకి పేర్లు రాసివ్వనని దేశం వదిలి వచ్చింది, ఇక్కడికొచ్చి వేలు పెట్టి చూపించింది. అక్కడి చట్టం దొంగది కాబట్టి ఎదిరించాను, ఇక్కడి చట్టం మంచిది కాబట్టి పాటించాను అనుకుంది పిచ్చిది. వరుసలో ఉన్నవాళ్ళందరూ చాడీలు చెప్పేవాళ్ళ నుంచి పారిపోయి వచ్చినవాళ్ళే. ఆ రోజు నుంచి ఆమెతో ఒక్కరూ మాట్లాడలేదు. నీళ్ళ కొళాయి దగ్గర ఆమె వస్తే పక్కకి జరిగేవారు. ఆమె వెనక్కి తిరగగానే 'పోస్టాఫీసు దొరసాని' అనుకునేవారు.

పిల్ల మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని రెండు రోజులుగా ఒకటే మాట అంటోంది. "బామ్మ చేసే కషె కావాలి."

కషె అంటే రవ్వజావ. పాలు కాచి, రవ్వ చల్లి, చెంచా ఆపకుండా తిప్పి, పైన కరిగిన వెన్న, చక్కెర వేసి పెడతారు. జ్వరమొచ్చినా, పళ్ళు ఊడినా, బడిలో దెబ్బలు తిన్నా, చెక్ పిల్లలకి అదే మందు.

ద్రహోమీర ముందురోజే ఏడు మైళ్ళు నడిచి ఊళ్ళో కొట్టు నుంచి రవ్వ తెచ్చి ఉంచింది. శిబిరంలో పిల్లకిచ్చే పాలు, అది ముట్టకపోతే, తడిగుడ్డ చుట్టి దాచింది. భోజనశాల వంటవాడి దగ్గరికి వెళ్ళి పొయ్యి మీద పావుగంట చోటిమ్మంది. "గొర్రె తినని పిల్ల ఈ దేశంలో ఎలా బతుకుతుందమ్మా?" అని నవ్వాడు వాడు. గదుల వెనకాల పుల్లలు పేర్చి నిప్పు ముట్టించింది. ఎండాకాలం ఆరుబయట మంట పెడితే నేరమని వార్డెను వచ్చి బూటుకాలితో తొక్కేశాడు. ఇక ఆమెకి మిగిలింది ఒక్క గుమ్మమే. ఆ గుమ్మం ముందు కాసేపు నిలబడింది.

రూజెన గుమ్మంలో పీట వేసుకుని చిక్కుళ్ళు వలుస్తోంది. అరవై ఏళ్ళ మనిషి, వాళ్ళ దేశంలోని పార్దుబిట్సెలో మాంసం కొట్టు నడిపిన విధవరాలు. తలెత్తకుండానే అంది, "ఎవరూ? దొరసానా? ఏమమ్మా, ఇంకెవరి పేరన్నా కావాలా?"

"రూజెన గారూ, మీ ఇస్త్రీపెట్టె ఒక్క పావుగంట ఇవ్వండి."

"నా పెట్టె వార్డెను బీరువాలో ఉంది కదా. నువ్వే దారి చూపించావుగా."

"మీ దగ్గర ఇంకోటుంది. అందరికీ తెలుసు."

"అందరికీ తెలుసు. చెప్పేది మాత్రం నువ్వొక్కదానివే."

"పిల్ల చచ్చిపోతుందండీ," అంది ద్రహోమీర. ఇంతకాలం తనలో తాను కూడా అనుకోవడానికి భయపడిన మాట. అన్నాక ఆగలేక అక్కడే మోకాళ్ళ మీద కూలబడింది. "తప్పు చేశాను. పెద్ద తప్పు చేశాను. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"లే. నా గుమ్మంలో ఆ నాటకాలొద్దు." రూజెన చేతిలో చిక్కుడుకాయ విరిగింది. దాన్ని గిన్నెలో పడేసి అడిగింది, "ఏం వండుతావు?"

"కషె."

"ఉండ కట్టకుండా చెయ్యడం వచ్చా? ముద్రలు కొట్టినంత తేలిక కాదది." లోపలికి వెళ్ళి పాత లంగాలో చుట్టిన పెట్టె తెచ్చి ఒళ్ళో పడేసింది. "నీ మొహం చూసి కాదు, పిల్ల కోసం. దొరికావా, నా పేరు నీ నోట్లోంచి రాకూడదు."

"రాదు."

"కిందటిసారీ అలాగే అనుకున్నాం."

ద్రహోమీర తలుపు మూసి, ఇటుకలు సర్ది, పెట్టె తగిలించింది. పాలు వేడెక్కడానికే పది నిమిషాలు పట్టింది. బుడగ రాగానే ఒక చేత్తో రవ్వ చల్లుతూ ఇంకో చేత్తో తిప్పసాగింది. పాల వాసనకి యిట్కా గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. తొమ్మిది రోజుల్లో పిల్ల తనంతట తాను తిరగడం అదే మొదటిసారి. తల్లికి ఏడుపు ముంచుకొచ్చింది, కానీ తిప్పడం మానలేదు.

అప్పుడే బల్బు ఆరిపోయింది.

వరుసలో ఆడవాళ్ళు ఎవరు ఏ గంటకి పెట్టె తగిలించాలో వంతులు వేసుకున్నారు. పన్నెండు గంటలకి ఎనిమిదో గదివాళ్ళ వంతు, వాళ్ళూ అప్పుడే తమ పెట్టె తగిలించారు. ద్రహోమీరతో ఎవరూ మాట్లాడరు కాబట్టి ఆ సంగతి ఆమెకి తెలియదు. కోపంలో చెప్పాలని రూజెనకీ తట్టలేదు. ద్రహోమీర చెయ్యి ఆపలేదు. పెట్టెలో ఇంకా వేడుంది, ఆ వేడి చల్లారేలోగా ఎంత ఉడికితే అంత అని గిరగిరా తిప్పింది. రవ్వ ఉండలు కట్టడం చెంచాకి తెలుస్తూనే ఉంది. వార్డెను బూట్ల చప్పుడు ఒక్కో గుమ్మం దాటి దగ్గరికొస్తోంది. గిన్నె దించి వెనక్కి దాచింది.

తలుపు తోసి వచ్చినవాడు పెట్టెని చూశాడు, ఆమెని చూశాడు. "నువ్వా?" అన్నాడు. నిజంగానే నొచ్చుకున్నట్టుంది. ఇంత నియమం గల మనిషి కూడానా అని. "ఇది నీకెవరిచ్చారు?"

"నాదే."

"నీ దగ్గర పెట్టె లేదని నాకు తెలుసు. ఎవరిదో చెప్పు, నీ పేరు రాయను."

"నాదేనన్నాను కదా."

అతను పెట్టెని పట్టుకోబోయి చెయ్యి కాల్చుకుని, తిట్టుకుని, టోపీతో పట్టుకుని తీసుకెళ్ళాడు. పుస్తకంలో పేరు రాసుకున్నాడు. ఓటకర్ వచ్చే నెల వస్తానని ఉత్తరం రాశాడు. ఇక రాడు.

ద్రహోమీర మంచం మీద కూర్చుని పిల్లని ఒళ్ళోకి తీసుకుంది. సగం ఉడికిన జావ, పైన ఉదయం దాచిన చిటికెడు వెన్న. మొదటి చెంచా నోట్లో పెట్టింది. యిట్కా మింగకుండా అలాగే ఉంచుకుంది. కక్కుతుందేమోనని తల్లి పిల్ల గడ్డం కింద అరచెయ్యి పట్టింది.

"ఉండలున్నాయి," అంది పిల్ల.

"ఉన్నాయి తల్లీ."

"బామ్మ చేస్తే ఉండవు."

"ఉండవు. నాకు సరిగ్గా రాదు."

పిల్ల మింగింది. నోరు తెరిచింది. గిన్నెలో సగం అయ్యేదాకా తెరుస్తూనే ఉంది. ఆ తర్వాత తల్లి చేతి మీదే నిద్రపోయింది. జావ కడుపులోనే నిలిచింది. ద్రహోమీర ఇంకా ఆ అరచెయ్యి గడ్డం కింద నుంచి తియ్యలేదు.

గుమ్మంలో నీడ పడింది. రూజెన. ఎంతసేపటి నుంచి నిలబడిందో.

"వాడు నా గది దాటి వెళ్ళిపోయాడు. లోపలికి కూడా చూడలేదు," అంది.

"నాదని చెప్పాను."

"మరి మీ ఆయన?"

"రాడు."

రూజెన వచ్చి గిన్నె అందుకుంది. అడుగున మిగిలింది వేలితో గీకి నాలిక మీద పెట్టుకుంది. "ఛీ, పచ్చిరవ్వ. దీన్ని తిందంటే నీ కూతురు గట్టిదే." గిన్నె పక్కన పెట్టింది కానీ వెళ్ళలేదు. "ఇప్పుడు సగం గిన్నె తింది. దాంతో శుక్రవారం గట్టెక్కుతుందా?"

"ఎక్కదు," అంది ద్రహోమీర. ఆ లెక్క ఆమె ఎప్పుడో వేసుకుంది. రేపు కూడా కావాలి, ఎల్లుండి తూకానికి ముందు కూడా కావాలి. పెట్టె లేదు.

"ఇవాళ్టి నుంచి రోజూ నాలుగింటికి నీ వంతు. తలుపు తీసి ఉంచు, పెట్టె వస్తుంది. ఈసారి నేను తిప్పుతాను." గుమ్మం దాకా వెళ్ళి ఆగింది రూజెన. వెనక్కి తిరగలేదు. "అది ఎవరిదో మాత్రం నీకు చెప్పను."

"చెప్పకండి," అంది ద్రహోమీర.