బాపు రుమాలుకు వేసుకొచ్చిన ముడులు

ఇంకొంచెం ఇటు జరిగి కూర్చోండి, నా గొంతు దూరం పోదు. మా బాపు సంగతి చెబుతాను. నా పిల్లలకు ఆయన తాత. మా తాత తిరగని ఊరు లేదని వాళ్లకు గొప్ప.

మాది పాలమూరు దిక్కు. వానలు లేని ఏడు మగవాళ్లు మట్టిపనికి బయలుదేరేవాళ్లు. బాపు అట్లా పూనా, బొంబాయి, బెజవాడ అన్నీ చూశాడు. పెద్ద యుద్ధం నడుస్తున్న రోజుల్లో షోలాపూర్ మిల్లులో పత్తి బేళ్లు మోసేవాడు. బాపు కాక మా ఊరివాళ్లు అక్కడ పన్నెండు మంది ఉండేవాళ్లు. ఎవరికీ రాయడం రాదు. రాయించి పంపినా ఇక్కడ పట్వారీ చదవాలి. ఆయన అరుగు మీద చదివితే ఊరంతా వింటుంది. అందుకని బాపు ఇంటికి వచ్చేటప్పుడు అందరూ తమ మాట ఆయనకే చెప్పేవాళ్లు.

బాపుకూ చదువు లేదు. తలకు చుట్టుకునే రుమాలు అంచుకు ఇంటికొక ముడి వేసుకునేవాడు. మనిషి వస్తానంటే ఒంటి ముడి, రానంటే జంట ముడి. ఊరికి వచ్చాక ఒక్కో గడప ముందు నిలబడి, మాట చెప్పి, ముడి విప్పేవాడు. అన్నీ విప్పేదాకా మా అమ్మ ఆ గుడ్డను ఉతికేది కాదు.

ఒకసారి చలిజ్వరంతో వచ్చాడు. రైలెక్కేటప్పటికే పట్టుకుందట. స్టేషన్ నుంచి ఆరు కోసులు నడిచి వచ్చి, రుమాలు కొయ్యకు తగిలించి, గొంగడి కప్పుకుని అరుగు మీద పడిపోయాడు. లోపల అమ్మకు పొద్దున్నుంచి నొప్పులు, కాన్పు కావడం లేదు. అట్లా కష్టమైతే ఇంట్లో ముడి గానీ మూత గానీ ఉండకూడదని మా వైపు పట్టింపు. మంత్రసాని ఆ మాట అనగానే మా అవ్వ, బాపును కన్న తల్లి, సందుగ మూత తీసింది, ఉట్టి తాళ్లు విప్పింది, బర్రె పలుపు విప్పింది, నా జడ కూడా విప్పింది. ఆ తర్వాత రుమాలు కనబడింది. ముడులన్నీ విప్పి, వేడినీళ్లలో ముంచి లోపలికి ఇచ్చింది. కాసేపటికి తమ్ముడు పుట్టాడు.

సాయంత్రం బాపు లేచాడు.

“అమ్మా, నా రుమాలేది?”

“దండెం మీద ఆరుతాంది.”

“ముడులు?”

“ఇప్పిన. కోడలు పానం పోతాంటే నీ ముడులకు కావలి కూసోవాల్నా? కొడుకు పుట్టిండు, పోయి మొకం సూడు.”

బాపు కొడుకును చూసి వచ్చి, గుడ్డను వెలుగుకు పట్టి ముడతలు వెతికాడు. వేడినీళ్లకు ఒక్కటీ మిగల్లేదు. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే పదకొండు ఇళ్ల మాటలు గుర్తుకొచ్చాయి. పన్నెండోది రాలేదు. రైలు కదిలే ముందు జ్వరంలో వేసిన ముడి అది. చెప్పిన మనిషి గుర్తున్నాడు, మాట లేదు.

అది మా వాడ చివరి ఇల్లు. అందులో ఒక్కతే ఉండే పడుచుకు మొగుడు షోలాపూర్ పోయి మూడేళ్లు. అన్నలు బండి కట్టుకుని వచ్చి ఉన్నారు. మారుమనువుకు ఒక మనిషిని చూశారు. మొగుడు వస్తానని కబురు పంపితే ఉంటాను, రానంటే మీ వెంట వస్తాను అని ఆమె వాళ్లను ఆపింది, మా బాపు వచ్చేదాకా.

మర్నాడు బాపు ఆ గడప ముందు నిలబడ్డాడు. “బిడ్డా, నీ పెనిమిటి మాటైతే చెప్పిండు. నేనే పోగొట్టుకున్న.”

ఆమె పెద్దన్న అందుకున్నాడు. “ఏందే మామా, మాటలన్ని గుడ్డకు గట్టుకొస్తివి. మరి తలకాయ ఎందుకున్నట్టు?”

“రుమాలు సుట్టుకోనికేరా,” అన్నాడు బాపు. “ఎనిమిది దినాలు ఆగుండ్రి. మల్ల పోయొస్త.”

“గన్ని దినాలు మా ఎడ్లకు మేతెవరేస్తరు?”

“నా కొట్టంల సొప్పున్నది, ఏసుకోండ్రి.”

“ఆగుత మామా, నువ్వు పోయి అడుగు,” అంది ఆమె లోపలినుంచి.

బాలింత మంచం మీది నుంచి అమ్మ మొత్తుకుంది. “జరం దిగలే, గిప్పుడే పోవాల్నా?”

“ఆ పిల్ల బతుకు నా రుమాల్ల పోయింది. ఎట్ల పండుమంటవు?” అని బాపు బయలుదేరాడు. అన్ని ఊళ్లు తిరిగిన మనిషి, కూలి కోసం కాకుండా పోయింది ఆ ఒక్కసారే.

ఎనిమిదో రోజు అన్నలు ఎడ్లను కడుతుండగా వచ్చాడు. చెంబెడు నీళ్లు తాగి చెప్పాడు. “వాడు రాడు బిడ్డా. ఆడ ఇంకో ఇల్లు పెట్టిండు. నా కోసం ఎదురు సూడొద్దని చెప్పుమన్నడు. మొదలు చెప్పింది గూడ గదేనట.”

“వీళ్లు చెప్పుమంటే చెప్తలేవు గద మామా?” అంది ఆమె అన్నలను చూపించి.

“గట్ల చెప్పెటోన్నైతే షోలాపూర్ దాక ఎందుకు పోత?”

ఆమె కాసేపు బాపు కాళ్ల వైపే చూసింది. రెండు మడమలూ పగిలి ఉన్నాయి. లోపలికి పోయి మూట తెచ్చుకుంది, తలుపు గొళ్లెం పెట్టింది, ఎవరూ పిలవకుండానే బండి ఎక్కింది. మూడేళ్లుగా రోజూ చూసిన దారి మీదుగానే బండి పోయింది. ఆ ఏడే నల్గొండ దిక్కున ఆమెకు మారుమనువు అయింది.

ఇంతసేపు ఓపికగా విన్నారు. మీ ఇల్లు పిల్లాపాపలతో నిండాలి, మీ కుండలో గింజ తరగకూడదు. మీ గడపలో ఎదురుచూసే వాళ్లకు, మంచైనా చెడైనా, నిజమైన కబురే అందాలి.